సగం చూసిన సినిమా, పద్నాలుగు నెలల పాత చీటీ: ఒక కేస్ స్టడీ

కొడుకు నా ఎదురుగా కూర్చోగానే ఫోన్ తీసి సీసీటీవీ వీడియో పెట్టాడు. రాత్రి 12 గంటల 50 నిమిషాలు. రొయ్యల చెరువు గట్టు మీద ఒక పెద్దామె నడిచి వస్తోంది. చేతిలో స్టీలు పళ్లెం. తూలడం లేదు, తడుముకోవడం లేదు. మోటారు షెడ్డు దగ్గర ఆగి, పళ్లెం కింద పెట్టి, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ల స్టార్టర్లు ఒక్కొక్కటే ఆపేసింది. నాలుగూ ఆపాక పళ్లెం తీసుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది.

"మా అమ్మే సార్. టాబ్లెట్లన్నీ ఆపేసి అప్పటికి నాలుగు రోజులు. అంటే ఇది టాబ్లెట్ వల్ల కాదు. మీరు 'సైడ్ ఎఫెక్ట్స్' సినిమా చూశారా?"

చూశాను. 2013లో వచ్చిన ఇంగ్లిష్ సినిమా, దర్శకుడు స్టీవెన్ సోడర్‌బర్గ్. డిప్రెషన్‌కి కొత్త మందు వాడుతున్న ఒకమ్మాయి నిద్రలో నడుస్తూ భర్తను పొడిచేస్తుంది. మందు రాసిన సైకియాట్రిస్టు పరువూ ప్రాక్టీసూ పోతాయి. ఆ తర్వాత కథ ఇంకో మలుపు తిరుగుతుంది. మలుపు చెప్పకుండా ఈ కేసు రాయడం కుదరదు కాబట్టి సినిమా చూడనివాళ్లు క్షమించాలి.

నేను నెల్లూరు పొగతోటలో ప్రాక్టీస్ చేస్తున్న సైకియాట్రిస్టుని. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. వయసు, ఊరు, ఇంకొన్ని వివరాలు మార్చాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. దాన్ని మాత్రం ఉన్నదున్నట్టే రాస్తాను.

మొదటిసారి వచ్చినప్పుడు

ఆమెకు 52 ఏళ్లు. ఇందుకూరుపేట వైపు ఒక ఊరు. భర్తకు సొంతంగా కొంచెం, కౌలుకు ఇంకొంచెం రొయ్యల చెరువులు ఉన్నాయి. వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు వచ్చి పోయాయి. ఆమె పుట్టింటి బంగారం బ్యాంకులో తాకట్టుకు పోయింది. కొడుకు సాఫ్ట్‌వేర్, ఇంటి నుంచే పని. కోడలికి ఏడు నెలల బాబు.

నా దగ్గరికి వచ్చేనాటికి నాలుగు నెలల నుంచి ఆకలి లేదు, దేనిమీదా మనసు లేదు, చిన్న మాటకే కళ్లలో నీళ్లు. తెల్లారి మూడింటికే మెలకువ. బరువు 54 నుంచి 47 కిలోలకు దిగింది. డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నల్లో 27కి 18 వచ్చాయి. డిప్రెషన్ అనడానికి పెద్దగా ఆలోచించాల్సిన కేసు కాదు. సెర్ట్రలిన్ 25 మిల్లీగ్రాములు వారం రోజులు, తర్వాత 50, ఉదయం టిఫిన్ అయ్యాక వేసుకోమని రాశాను.

రాసేముందు అడగాల్సిన ప్రశ్న అడిగాను. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా?"

"బీపీ బిళ్ల ఒకటి సార్."

అంతే రాసుకున్నాను. నా తప్పు ఇక్కడుంది. ఆమె అబద్ధం చెప్పలేదు. పద్నాలుగు నెలలుగా రోజూ జోల్పిడెం 10 మిల్లీగ్రాములు వేసుకుంటోంది. కానీ ఆమె లెక్కలో అది మందు కాదు. "నిద్ర బిళ్ల గదా సార్, దాన్ని మందంటారా?" అని తర్వాత ఆమే నన్ను ఆశ్చర్యంగా అడిగింది. ఎప్పుడో ఒక డాక్టర్ పది రోజులకని రాసిచ్చిన చీటీ. ఆ చీటీతోనే నెలకు మూడు షీట్లు వస్తున్నాయి. జోల్పిడెం షెడ్యూల్ హెచ్1 మందు. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం అమ్మిన ప్రతిసారీ డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారన్నదీ షాపువాళ్లు విడిగా ఒక రిజిస్టర్లో రాయాలి, మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరు సంగతి నాకు తెలియదు కానీ, చీటీ మీద తేదీ ఎవరూ చూడలేదన్నది మాత్రం ఖాయం.

ఈ మధ్య నేను ప్రశ్న మార్చాను. "రాత్రి పడుకునేముందు నోట్లో ఏం వేసుకుంటారు?" అని అడుగుతున్నాను. వక్కపొడి దగ్గర్నుంచి అన్నీ బయటికొస్తాయి.

చేపల పులుసు

సెర్ట్రలిన్ మొదలుపెట్టిన మూడో వారంలో ఆ ఇంట్లో మొదటి వింత జరిగింది. నెల్లూరోళ్లకు చెప్పక్కర్లేదు, మామిడికాయ వేసి పెట్టిన చేపల పులుసు మర్నాటికే రుచి. సాయంత్రం పెట్టి పక్కన ఉంచిన పులుసు పొద్దునకు సగం లేదు. సింకులో పళ్లెం, ముళ్లు. ఎవరు తిన్నారంటే అందరూ కొడుకు వైపే చూశారు. అతను తినలేదంటే నవ్వారు.

నాలుగు రోజులకు స్టవ్ మీద ఖాళీ గిన్నె మాడిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత ఒక రాత్రి ఒంటిగంటకు బాబుకి పాలు కలపడానికి కోడలు వంటింట్లోకి వస్తే అత్త కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. లైటు లేదు. "ఏం చేస్తుండారత్తమ్మా?" అంటే "మీ మామకు అన్నం" అంది మామూలుగానే. మామ అప్పటికే తిని పడుకుని గంటైంది. కోడలు చేయి పట్టుకుని తీసుకెళితే వెళ్లి పడుకుంది. పొద్దున అడిగితే ఏమీ తెలియదు. చేతులకు ఉల్లిపాయ వాసన మాత్రం ఉంది.

"నేనెందుకు లేస్తానమ్మా? నేను లేవలా" అని ఆమె ఏడ్చింది. ఆ రోజు నుంచి కోడలు బాబును తీసుకుని గది గడియ పెట్టుకోవడం మొదలుపెట్టింది. పెట్టుకోవద్దని ఏ తల్లికి చెప్పగలం?

ఎవరికి తోచింది వాళ్లు చేశారు. ఆమె చెల్లెలు ఏఎస్ పేట దర్గాకి తీసుకెళ్లింది. భర్త ఒక శనివారం గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమంలో నిద్ర చేయించాడు. గొలగమూడిలో ఆ రాత్రి ఏమీ జరగలేదు. స్వామి దయ అనుకున్నారు. కాదని నేను అనను. కానీ కేసు రాసేవాడిగా ఇంకో వివరం కూడా రాసుకున్నాను. స్వామి దగ్గర నిద్ర చేసేటప్పుడు బిళ్ల ఎందుకని ఆమె ఆ రోజు వేసుకోలేదు. నిద్ర చేయడానికి వెళ్లి రాత్రంతా కళ్లు తెరుచుకునే పడుకుంది. మర్నాడు ఇంటికొచ్చి మళ్లీ వేసుకుంది.

ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. నెలకు రావాల్సిన రెండో విజిటుకు వాళ్లు రాలేదు.

సినిమా మొదటి సగం

ఆ వారంలోనే ఒక రాత్రి కొడుకూ కోడలూ ఫోన్లో ఆ సినిమా పెట్టుకున్నారు. డిప్రెషన్ మందు, నిద్రలో నడక, అర్ధరాత్రి వంటగది, కత్తి. భర్త కింద పడిపోయే దృశ్యం దగ్గర బాబు లేచి ఏడ్చాడు. సినిమా ఆగిపోయింది. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. పొద్దున్నే కొడుకు కత్తిపీట తీసుకెళ్లి కారు డిక్కీలో పెట్టాడు. తర్వాత అమ్మ టాబ్లెట్లన్నీ చెత్తబుట్టలో వేశాడు. సెర్ట్రలిన్, జోల్పిడెం, పనిలో పనిగా బీపీ బిళ్ల కూడా.

అతన్ని తప్పు పట్టలేను. ఇంట్లో పసిబిడ్డ ఉన్నప్పుడు నేనైనా ముందు బిళ్లలనే అనుమానిస్తాను. చిక్కెక్కడంటే సినిమాలో దోషిగా నిలబడింది డిప్రెషన్ మందు. సినిమాలో దాని పేరు అబ్లిక్సా. ఆ పేరుతో నిజంగా ఏ మందూ లేదు, కథ కోసం కల్పించింది. బయటి ప్రపంచంలో నిద్రలో లేచి వండటం, తినడం, తలుపు తీసుకుని వెళ్లిపోవడం లాంటివాటికి గట్టి హెచ్చరిక ఉన్నది నిద్ర బిళ్లల మీద. జోల్పిడెం, ఎస్‌జోపిక్లోన్, జాలెప్లాన్ అనే మూడింటి మందుపత్రాల్లోనూ ఈ హెచ్చరికను నల్లగీత గడిలో అచ్చువేయాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్‌లో చెప్పింది. ఒక్కసారి అలా జరిగినా ఆ బిళ్ల ఆపేయాలన్నది అందులోని మాట. డిప్రెషన్ మందులతో ఇలా అసలే జరగదని కాదు, అరుదు. అంటే సినిమా మా పేషెంటు ఇంటివాళ్లకు భయపడటం నేర్పింది గానీ, భయపడాల్సిన బిళ్లను మాత్రం వేరే వైపు చూపించింది.

యాదృచ్ఛికమే అనుకోండి, ఆ సినిమా అమెరికాలో 2013 ఫిబ్రవరిలో విడుదలైతే, అంతకు నెల ముందే, జనవరిలో, ఎఫ్‌డీఏ ఆడవాళ్లకు జోల్పిడెం మోతాదు 10 నుంచి 5కి తగ్గించమంది. ఆడవాళ్ల ఒంట్లోంచి ఆ మందు నెమ్మదిగా బయటికి పోతుంది, పొద్దునకు కూడా రక్తంలో ఎక్కువే మిగులుతుందని తేలడమే కారణం. మన ఊళ్లో ఇప్పటికీ 47 కిలోల ఆడమనిషి చీటీలో 10 అనే ఉంటోంది.

మందులన్నీ ఒక్కసారిగా ఆగాక మూడు రాత్రులు ఆమె నిద్రపోలేదు. ఒళ్లంతా చెమటలు, చేతుల వణుకు. తల తిప్పితే కళ్లు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం. వణుకూ చెమటలూ ఎక్కువగా జోల్పిడెం ఆగినందుకు, తలలో కరెంటు సెర్ట్రలిన్ ఆగినందుకు. ఇంట్లోవాళ్లకు మాత్రం ఇదంతా జబ్బు ముదిరినట్టే కనిపించింది.

నాలుగో రాత్రి చెరువు. వనామి రొయ్యల చెరువులో అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా ఏరియేటర్లు ఆగితే ఏమవుతుందో ఆక్వా రైతులకు తెలుసు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతుంది. కాపలా మనిషి మూడున్నరకు లేచి చూసి స్టార్టర్లు వేశాడు కాబట్టి మొత్తం పోలేదు, కొంత పోయింది. పొద్దున ఆ కాపలా మనిషి మీద పడ్డారు. పక్క చెరువువాళ్ల మీద అనుమానపడ్డారు. సీసీటీవీ చూశాక ఎవరూ మాట్లాడలేదు.

ఆ రోజు రాత్రే కొడుకు సినిమా రెండో సగం చూశాడు.

రెండో సగం

రెండో సగంలో తేలేదేమిటంటే ఆమె నిద్రలో నడవలేదు. అంతా నటన. అంతకుముందు తనకు వైద్యం చేసిన ఇంకో సైకియాట్రిస్టుతో కలిసి వేసిన పథకం. మందు కంపెనీ షేర్లు పడిపోతే డబ్బు చేసుకోవడానికి.

అందుకే నా ముందు కూర్చున్న కొడుకు గొంతులో భయం పోయి ఇంకేదో వచ్చింది. "బంగారం తాకట్టు పెట్టినప్పటి నుంచి అమ్మకు నాయన మీద కోపం సార్. చెరువులంటేనే మంట. మందు ఒంట్లో లేదు. నడక చూడండి, ఎక్కడన్నా నిద్రలో ఉన్నట్టుందా? నటిస్తోందేమో అనిపిస్తోంది." చివరి మాట అనేసి తల దించుకున్నాడు. పది రోజుల్లో ఆ పిల్లవాడు తల్లిని రోగిగా చూశాడు, హంతకురాలిగా చూశాడు, ఇప్పుడు దొంగగా చూస్తున్నాడు.

నటనా కాదా అని తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు. సినిమాలో డాక్టరు ఉచ్చు పన్ని నిజం రాబడతాడు. నా ఓపీలో ఉచ్చులు ఉండవు. అందుకని ఒక్కొక్కరితో విడివిడిగా కూర్చున్నాను.

ముందు ఆమెతో. ఆమెను నేను మొదట అడిగింది నటన గురించీ కాదు, నిద్రనడక గురించీ కాదు. డిప్రెషన్ ఉన్న మనిషి అర్ధరాత్రి నీళ్ల పక్కకు వెళ్లిందంటే నాకు మొదట వచ్చే టెన్షన్ వేరు. "చెరువు దగ్గరికి పోయినప్పుడు చనిపోవాలని ఏమైనా అనిపించిందా అమ్మా?" అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు, ఉన్నదాన్ని దించుకోవడానికి చోటు దొరుకుతుంది.

"రెండు నెల్ల కిందట అనిపించింది సార్. ఈ నీళ్లలో పడితే పోదా అని. ఇప్పుడు లేదు. ఇప్పుడు భయం. పొద్దున లేచి చూస్తే కాళ్లకు బురద, మెట్టెల్లో బురద. నాకు తెలీకుండా నేను యాడికి పోతుండానో నాకే తెలవటం లేదు." కాసేపాగి, "నా కోడలు నన్ను చూసి గడియ పెట్టుకుంటుండాది సార్" అంది.

బంగారం గురించి అడిగాను. ఇది రాయొచ్చని ఆమే చెప్పింది. "కోపం ఉండాది సార్. లేదని ఎందుకు చెప్పాలా? కానీ ఆ రొయ్య పోతే పొయ్యేది నా బంగారమే గదా. ఈ పట్టుబడి మీదే గదా ఇడిపిస్తామన్నాడు."

ఈ మాట కొడుకుకి తట్టలేదు. నాకూ ఆమె చెప్పేదాకా తట్టలేదు. కోపం ఉండటం వేరు, లాభం ఉండటం వేరు. నటించేవాళ్లకు ఏదో ఒకటి కలిసి రావాలి. ఇక్కడ ఆమెకు పోయేదే తప్ప వచ్చేదేమీ లేదు. దాచుకోవడానికి ఏ ప్రయత్నమూ లేదు. సీసీటీవీ పెట్టేటప్పుడు స్తంభం ఎక్కడ వేయాలో చూపించిందే ఆమె.

మరి మందు ఆగిన నాలుగో రోజు ఎలా జరిగింది? దీనికి జవాబు కోడలి దగ్గర దొరికింది, ఆమె దాన్ని జవాబు అనుకోలేదు. మూడు రాత్రులు అత్త ఎలా గడిపిందో చెబుతూ, "గురువారం మాత్రం పాపం తొమ్మిదికే నిద్రపోయింది సార్" అంది. రాసుకుంటున్న నేను పెన్ను ఆపాను. ఏడాదికి పైగా రోజూ వేసుకున్న నిద్ర బిళ్ల ఆగితే మూడు రాత్రులు కన్ను మూతపడని మనిషి నాలుగో రాత్రి తొమ్మిదికే ఎలా పడుకుంది?

భర్తను పిలిచాను. పెద్దాయన కుర్చీ అంచున కూర్చున్నాడు. గురువారం రాత్రి సంగతి అడిగితే ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి చొక్కా జేబులోంచి షీటు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. పదిలో రెండు లేవు. "చూడలేకపోయినా సార్. ముసిలిది గోడకు తల కొట్టుకుంటా ఉండాది నిద్ర లేక. అబ్బాయికి తెలిస్తే అరుస్తాడని చెప్పలా. రెండు ఒక్కసారే ఇచ్చా."

మూడు రాత్రులు నిద్ర లేని శరీరం. పలచబడిన మనిషి. సరిగా తినని పొట్ట. అందులో ఆడవాళ్లకు చెప్పిన మోతాదుకు నాలుగింతలు, 20 మిల్లీగ్రాములు. సినిమా కథకుడు కూడా ఇంత అనుమానం రాని మలుపు రాయలేడేమో. ఇక్కడ కుట్ర ఏమీ లేదు, భార్య బాధ చూడలేని ఒక పెద్దాయన ఉన్నాడు.

ఎందుకలా జరుగుతుంది

జోల్పిడెం మెదడులో గాబా అనే రసాయనం పనికి బలం చేకూర్చి నిద్ర తెప్పిస్తుంది. అయితే మెదడంతా ఒకేసారి పడుకోదు. జ్ఞాపకాన్ని రాసుకునే గది తలుపు ముందు మూతపడుతుంది. కాళ్లూ చేతులూ నడిపించే భాగాలు కొన్నిసార్లు మేలుకునే ఉంటాయి. ముప్పై ఏళ్లుగా ఉల్లిపాయ తరిగిన చేతికి, పులుసు కలిపిన చేతికి, సాయంత్రాలు భర్త లేనప్పుడు స్టార్టర్లు వేసి ఆపిన చేతికి జ్ఞాపకం అక్కర్లేదు. అలవాటే నడిపిస్తుంది. అందుకే వీడియోలో నడక అంత మామూలుగా ఉంది. నిద్రలో నడిచేవాళ్లు చేతులు చాపుకుని తూలుతూ నడుస్తారన్నది సినిమాలవాళ్లు నేర్పిన సంగతి.

తారీఖులు రాసి చూస్తే ఇంకొకటి కూడా కనిపించింది. ఆమె బిళ్ల వేసుకునేది ఎనిమిదిన్నరకు. కానీ పడుకోదు. గిన్నెలు కడుగుతుంది, భర్త చెరువు నుంచి వచ్చేదాకా కునుకుతూ కూర్చుంటుంది. ఆయన పదకొండింటికి వచ్చి గేటు కొడితే లేచి అన్నం పెడుతుంది. మందు పట్టు మీద ఉండగా మనిషిని లేపి పని చేయించడం అంటే సరిగ్గా ఇదే. పులుసు రాత్రి, గిన్నె మాడిన రాత్రి, కత్తిపీట రాత్రి, మూడూ ఆయన ఆలస్యంగా వచ్చిన రాత్రులే. ఈ బిళ్లను పక్క ఎక్కబోయే ముందు వేసుకోవాలి, వేసుకున్నాక ఏడెనిమిది గంటలు లేచే పని ఉండకూడదు. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మరి పద్నాలుగు నెలలు ఏమీ కాకుండా ఇప్పుడే ఎందుకు? అక్కడే నా చీటీ వస్తుంది. సెర్ట్రలిన్ వాడుతున్న ఆడవాళ్లకు జోల్పిడెం ఇస్తే రక్తంలో దాని గరిష్ఠ స్థాయి సుమారు 43 శాతం పెరుగుతుందని, ఆ స్థాయికి ఇంకా త్వరగా చేరుతుందని జోల్పిడెం మందుపత్రంలోనే ఉంది. ఆమెకు అసలే ఎక్కువైన మోతాదు మీద నేను తెలియకుండా ఇంకో మెట్టు ఎక్కించాను. సెర్ట్రలిన్ తప్పు మందు కాదు. పక్కన ఏముందో తెలుసుకోకుండా రాయడమే తప్పు. ఈ విషయం కొడుకుతో చెప్పినప్పుడు అతను నన్ను చాలాసేపు చూశాడు. డాక్టర్లు ఇలా ఒప్పుకుంటారని అనుకోలేదేమో.

మిగతా కారణాలు కూడా చూడాలి కాబట్టి చూశాను. మూర్ఛ ఏమైనా ఉందేమోనని ఈఈజీ తీయిస్తే మామూలుగానే ఉంది. ఈ వయసు ఆడవాళ్లలో సెర్ట్రలిన్ లాంటి మందులు ఒక్కోసారి రక్తంలో సోడియం తగ్గించి తికమక తెప్పిస్తాయి. అది 136, పర్వాలేదు. థైరాయిడ్ బాగుంది. గురక లేదు. చిన్నప్పుడు నిద్రలో నడిచిన చరిత్ర లేదు. రాత్రంతా నిద్రను కొలిచే పరీక్షకు చెన్నై పంపవచ్చు. కానీ మందు ఆపితే ఆగిపోయేదాని కోసం ఆ ఖర్చు పెట్టించడం నాకు న్యాయమనిపించలేదు.

కొడుకు చివర్లో ఇంకో ప్రశ్న వేశాడు. "అమ్మ ఆ రాత్రి ఎవరినన్నా ఏమన్నా చేసుంటే కేసెవరి మీద సార్?" సినిమాలో కోర్టు మతిస్థిమితం లేదని తేల్చి జైలుకు కాకుండా మానసిక ఆసుపత్రికి పంపుతుంది. మనకూ భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్ ఉంది, పాత ఐపీసీ 84. బిళ్ల వేసుకుని నిద్రలో నడిచిన మనిషికి అది ఎంతవరకు వర్తిస్తుందన్నది లాయర్ల పని, నాది కాదన్నాను. అమ్మ విడిగా ఏం చెప్పిందని కూడా అడిగాడు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షన్ ప్రకారం అది ఆమె గుట్టు. ఆమె చెప్పమన్నది మాత్రమే చెప్పాను, బంగారం గురించి ఆమె లెక్క. అది విన్నాక అతను బయటికి వెళ్లి అమ్మ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

వైద్యం

జోల్పిడెం ఆ రోజుతో ఆపేశాను. మామూలుగా ఇంతకాలం వాడినవాళ్లకు కొంచెం కొంచెంగా తగ్గిస్తాం, ఒక్కసారిగా ఆపితే పెద్ద మోతాదుల్లో ఫిట్స్ దాకా పోవచ్చు. కానీ నిద్రలో లేచి తిరిగిన మనిషికి ఇంకో పది రాత్రులు అదే బిళ్ల ఇవ్వలేం. అందుకని వణుకు, చెమటలు అదుపులో ఉండేందుకు క్లోనజెపామ్ అర మిల్లీగ్రాము పది రోజులు, పావు మిల్లీగ్రాము పది రోజులు ఇచ్చి ఆపాను. ఇవి కోడలి చేతిలో ఉంచాను. భర్త చేతిలో పెట్టలేదు. ఆయనే వద్దన్నాడు.

సెర్ట్రలిన్ మళ్లీ మొదలుపెట్టించడం అన్నిటికంటే కష్టమైంది. సినిమాలో చూసిన బొమ్మ అంత త్వరగా చెరిగిపోదు. కొడుకు రెండు వారాలు ససేమిరా అన్నాడు. నేను బలవంతం చేయలేదు, వారానికొకసారి తీసుకురమ్మన్నాను. జోల్పిడెం లేని పద్నాలుగు రాత్రులు ఏమీ జరగకుండా గడిచాక, అమ్మ ఏడుపు మాత్రం తగ్గలేదని అతనే చెప్పాడు. 25తో మళ్లీ మొదలుపెట్టి 50కి తెచ్చాం. కోడలు రోజూ పొద్దున ఒక నోట్‌బుక్‌లో రాత్రి ఎలా గడిచిందో రాసేది. చాలా పేజీల్లో "ఏమీ లేదు" అని ఉంటుంది. నా దగ్గర ఉన్న కేసు కాగితాల్లో నాకు బాగా నచ్చినవి అవే.

నిద్రకు బిళ్ల లేకుండా పద్ధతి నేర్పాను. పడుకునే గంటలు తగ్గించడం, నిద్ర వస్తేనే మంచం ఎక్కడం, రాకపోతే లేచి వసారాలో కూర్చోవడం, పగలు కునుకు మానడం. మొదటి పది రోజులు నన్ను తిట్టుకుంది. భర్త భోజనం విషయం మాత్రం ఒక్క మాటతో తేలిపోయింది. ఆయన క్యారియర్ చెరువు దగ్గరికే వెళుతోంది, వచ్చాక గేటు కొట్టడం లేదు, తాళం ఆయన దగ్గరే ఉంటోంది. చనిపోవాలన్న ఆలోచన మళ్లీ వస్తే రాత్రైనా పగలైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి, 14416కి, ఫోన్ చేయమని చీటీ పైన పెద్ద అక్షరాలతో రాశాను. మోటారు షెడ్డుకు కూడా తాళం వేయించాను, ఎందుకైనా మంచిదని.

ఒక సంగతి రాయకుండా ఉండలేను. ఆ సినిమా తీసిన దేశంలో డిప్రెషన్ మందులకు టీవీలో ప్రకటనలు వస్తాయి. రాసిచ్చే మందుల్ని జనానికి అలా ప్రకటించుకోనిచ్చేది అమెరికా, న్యూజిలాండ్ మాత్రమే. సినిమా కోపం సగం దానిమీదే. మనకు ఆ ప్రకటనలు లేవు, అవసరం కూడా పడలేదు. "నాకు ఇది బాగా పట్టింది, నువ్వూ వేసుకో" అనే పక్కింటామె ఉంది. తేదీ చూడని షాపు ఉంది. ఏం వాడుతున్నావని ఒక్కసారే అడిగి ఊరుకునే నాలాంటి డాక్టరు ఉన్నాడు.

ఆరో నెలకు పీహెచ్‌క్యూ-9 స్కోరు 6. బరువు 51 కిలోలు. రాత్రి ఐదున్నర, ఆరు గంటలు నిద్రపోతోంది. కత్తిపీట డిక్కీలోంచి వంటింట్లోకి ఎప్పుడు వచ్చిందో ఎవరికీ గుర్తులేదు. కోడలు గడియ మాత్రం మూడో నెలదాకా తీయలేదు. తీసిన రోజు ఆ మాట అత్తతో చెప్పలేదు, నాతో చెప్పింది.

చివరి విజిట్‌లో పాత చీటీ ఉందా అని పెద్దాయనను అడిగాను. ఫోన్ కవరు వెనకాల నుంచి తీశాడు. నాలుగు మడతలు, మడతల దగ్గర చిరిగి, ఒక మూల నూనె మరక. అడ్డంగా రెండు గీతలు కొట్టి, "ఇకపై చెల్లదు" అని రాసి, తేదీ వేసి సంతకం చేశాను. చించి బుట్టలో వేయబోతుంటే ఆయన చేయి చాచాడు.

"అది మాత్రం నాకిచ్చేయండి సార్. దాని ఎనక మేతలాయన నంబరు ఉండాది."